బురద ఎక్కడిది?

మా బ్యాక్టీరియా పని మానేసింది. చచ్చిపోయినా బాగుండేది, ఒక రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని. చావలేదు. గాజు ప్లేటు మీద నిక్షేపంగా పెరుగుతోంది. బూడిద చల్లినట్టు పైకి లేచింది, మూత తీస్తే తొలకరికి తడిసిన నేల వాసన కూడా వేస్తోంది. చేయాల్సిన పని మాత్రం చేయడం లేదు.

దాని పని చంపడం. ఆస్పత్రిలో ఏ మందుకూ ఒక పట్టాన లొంగని పుండ్ల క్రిమి ఒకటుంది. దాన్ని ప్లేటంతా పరిచి, నడుమ మా బ్యాక్టీరియాను చిటికెడు పెడితే, చుట్టూ డాలర్ బిళ్ళంత మేర క్రిమి అనేది లేకుండా తేటగా వలయం ఏర్పడేది. ఆ వలయం మొదటిసారి చూసిన రోజు ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. ఇప్పుడు అదే క్రిమి వచ్చి మా బ్యాక్టీరియా నెత్తికెక్కి కూర్చుంటోంది. ఫ్రీజర్లో దాచినవాటిని బయటికి తీసి లేపాం. అవీ అంతే, తిని పడుకునే రకం.

నా పేరు సెనిమిలీ. మా దీవుల రాజధాని సువాలో ఒక ప్రయోగశాలలో నాది బురద పని. సముద్రం అంచున, మడ చెట్ల కింద బురద తవ్వి తెచ్చి, ఆరబెట్టి, ప్లేట్ల మీద చల్లి, అందులో మందు చేసే బ్యాక్టీరియా ఉందేమోనని వెతుకుతాను. బురదలో చోటు కోసం, తిండి కోసం అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అవి చంపడానికి వాడే విషమే మనకు మందు. వెతికితే దొరుకుతుందని చెప్పడం తేలిక. ఏళ్ళ తరబడి వెతికినా దొరికేవి చాలావరకు ఎవరో ఎప్పుడో కనిపెట్టి సీసాల్లో పోసి అమ్మేసినవే. ఇది ఒక్కటే కొత్తది. ఇది మా ఊరి బురదలోంచి వచ్చింది.

మా పెద్ద డాక్టర్ రొనీటా ప్లేటు వెలుతురుకు ఎత్తి చూసి, దించింది. బాగా మేపాం దీన్ని, శత్రువు లేడు, కరువు లేదు, ఇంకెందుకు కత్తి నూరుతుంది అంది. మళ్ళీ అదే బురదకు వెళ్ళి పచ్చిగా పట్టుకురావాలి, లేకపోతే నెలాఖరుకు నేను పనిచేసే బల్ల నీటి పరీక్షల వాళ్ళకు ఇచ్చేస్తారు అని కూడా అంది. ఆవిడ కేకలేసే మనిషి కాదు. కేకలేసినా బాగుండేది.

అదే బురద. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఎందుకంటే అప్పటికే మా ఊరు వునితోంగోకు వెళ్ళి, బయటి మడల కింద మోకాలి లోతున దిగబడి, బకెట్లకు బకెట్లు తెచ్చాను. ఒక్క ప్లేటు మీద కూడా దాని చుట్టం కనబడలేదు. పైగా నేను తెచ్చిన బురద గోధుమ రంగులో ఇసుకగా ఉంది. మొదటిది తారులా నల్లగా ఉండేది, గొట్టం మూత తీస్తే కుళ్ళిన గుడ్డు కంపు గదంతా నిండేది. ఇన్నాళ్ళూ కాలమేదో మారింది, వానలేవో పడ్డాయి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇక సర్దిచెప్పుకోవడం నా వల్ల కాలేదు. మొదటి బురద నేననుకున్న చోటుది కాదు.

మరి ఎక్కడిది? తవ్వింది నేను కాదు, మా అన్నయ్య సెవనాయా. అడగడానికి లేదు.

మా ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పగ కాదు, గౌరవం. సువాలో చాలామంది ఈ పద్ధతి వదిలేశారు, పక్కపక్కన కూర్చుని సినిమాలు కూడా చూస్తున్నారు. మేం వదల్లేదు. నేను పెద్దదాన్ని అయినప్పటి నుంచి అన్నయ్య ఉన్న గదిలోకి నేను వెళ్ళను, నేనున్న వంటపాకలోకి అన్నయ్య రాడు. అయినా నా చదువంతా అన్నయ్య చేపల వల మీదే నడిచింది. చెల్లెలు ఏదైనా కబురు పెడితే అన్న కాదనకూడదు, అది ఇంకో పద్ధతి. ఆ కబుర్లు మోయడానికి బావలూ వదినలూ ఉన్నారు. వాళ్ళతో ఎంత మాటైనా చెల్లుతుంది, ఎంత వెక్కిరించినా కోపం తెచ్చుకోకూడదు.

మొదటి బురద తవ్విన రోజు కబురు మోసినవాడు మా మేనత్త కొడుకు కితియోనే. పడవ అతనిదే. ఆటు వచ్చి నీరు వెనక్కి పోతే పడవ బురదలో కూర్చుండిపోయింది. అన్నయ్య వెళ్ళే చోటికి నేను వెళ్ళకూడదు కనుక పడవలోనే ఉండి, బయటి మడల కింద తవ్వమని గట్టు మీదున్న అన్నయ్యకు బావతో చెప్పి పంపాను. అంతే నాకు తెలిసింది.

ఈసారి రేవులో బావ నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏం మరదలు పిల్లా, మళ్ళీ బురదకేనా? సువాలో మురుక్కాలవలు ఎండిపోయాయా?"

"లేదు బావా, నువ్వు మొహం కడుక్కున్న నీళ్ళు వచ్చి పొర్లుతున్నాయి. అందుకే పారిపోయి వచ్చా."

మామూలు రోజైతే ఇది సాయంత్రం దాకా సాగేది. నాకు ఓపిక లేదు. పడవ బయల్దేరక ముందే, ఆ రోజు అన్నయ్యకు ఏం చెప్పావో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పిందే చెప్పానన్నాడు. మళ్ళీ అడిగాను. తాడు విప్పుతూ నా వైపు చూడకుండా అన్నాడు.

"కొంచెం ఉప్పూకారం వేశాలే."

"ఏం వేశావు?"

"నీ చెల్లెలు పెద్ద చదువులు చదివింది, అందరూ తొక్కిన బురద ఆవిడగారికి ఆనదంట, మనిషి కాలు పెట్టని చోటు నుంచి తెమ్మంది అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. బకెట్టు పట్టుకుని పోయాడు. నేను గట్టున కూర్చుని చుట్ట తాగా."

పడవలో నీళ్ళు తోడే డబ్బా ఉంది. అది తీసి బావ నెత్తిన కొట్టాలనిపించింది. బావ మీద కోపం తెచ్చుకోకూడదన్న పద్ధతి కనిపెట్టినవాళ్ళకు ఇలాంటి బావ ఉండి ఉండడు. దారంతా నేను మాట్లాడలేదు. అతను పాడుతూ పడవ నడిపాడు. ఆ పాట కూడా నన్ను ఏడిపించడానికే.

ఇంటి దగ్గర వంటపాకలో లోసనా వదిన కొబ్బరి కోరుతోంది. నన్ను చూసి ఏమీ వెక్కిరించలేదు. ఏదో జరిగిందని అప్పుడే అర్థమైంది, వదిన నన్ను వెక్కిరించకుండా కూర్చోబెట్టిన రోజు లేదు. అన్నయ్యకు జ్వరమట. కాలి పుండు మామిడికాయల రోజుల నుంచీ ఉంది, నాకు తెలుసు. చక్కెర జబ్బు మాత్రలూ పూతమందూ వదిన చేతికే పంపుతూ వచ్చాను. అది ఇప్పుడు వేళ్ళ దగ్గర నల్లబడిందట. నర్సు వచ్చి ఆస్పత్రికి పొమ్మంది, వదిన కాళ్ళావేళ్ళా పడింది. కదలనన్నాడు.

"ఇది ఆస్పత్రి పుండు కాదంటాడమ్మా. మరి ఏం పుండో చెప్పడు. నేను ఏడిస్తే గోడ వైపు తిరిగి పడుకుంటాడు."

నేను బురద కోసం వచ్చాను. ఆ మాట వదినతో ఎలా అనాలో తెలియలేదు. అయినా అన్నాను. నా స్వార్థం నాకు కనబడుతూనే ఉంది, నెలాఖరు కూడా కనబడుతోంది. వదిన కొబ్బరి పక్కన పెట్టి, వెళ్ళి అడగమని కితియోనేకు సైగ చేసింది.

అన్నయ్య లోపల చాప మీద ఉన్నాడు. గుమ్మానికి గుడ్డ తెర. తెర పక్కన బావ, తెర ఇవతల నేను. ఊదితే తెర కదిలేంత దూరం. అన్నయ్య ఊపిరి కూడా వినిపిస్తోంది.

తీసుకెళ్ళింది పని మానేసిందని చెప్పి, మొదటి బురద ఎక్కడ తవ్వాడో అడగమన్నాను. బావ నా మాట లోపలికి అందించాడు. చెప్పిన చోటే అని చెప్పు అంది లోపలి గొంతు. చెప్పిన చోటేనట అన్నాడు బావ. నేను విన్నాను. అయినా బావ చెప్పేదాకా విననట్టు కూర్చున్నాను. ఇన్నేళ్ళూ అలాగే కూర్చున్నాను.

ఆస్పత్రికి పదమను అన్నాను. అది ఆస్పత్రిలో తగ్గేది కాదని చెప్పు అన్నాడు అన్నయ్య. బావ ఆ మాటకు తన ఉప్పూకారం కలిపి, అక్కడి నర్సులు అందంగా ఉండరట అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గాలికి తెర కదిలింది, లోపలి వాసన నా మొహానికి కొట్టింది. రోజూ క్రిములతో గడిపేదాన్ని, కుళ్ళే మాంసం వాసన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వాసన తగిలాక నా వల్ల కాలేదు.

"అన్నయ్యా" అన్నాను.

వదిన లేచి నిలబడింది. కితియోనే నోరు తెరిచాడు గాని అందులోంచి మాట రాలేదు, అది కూడా నేను మొదటిసారి చూడటం.

"అన్నయ్యా, ఆ బురద ఎక్కడిది?"

లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను, ఆ కాలితో లేవలేడని గుర్తొచ్చింది. అప్పుడు అన్నయ్య మాట్లాడాడు, నాతో.

"కడిగే పాయలోది."

ఊరి పెద్దలు పోతే వాళ్ళను కడిగే పాయ అది. వాళ్ళను మోసేవాళ్ళు తప్ప అందులో ఎవరూ కాలు పెట్టరు, పీతల కోసం కూడా పోరు. చిన్నప్పుడు అటు బంతి పోతే బంతిని వదిలేసి వచ్చేవాళ్ళం.

"మనిషి కాలు పెట్టని చోటు అడిగావు. ఈ ఊళ్ళో ఉన్నది అదొక్కటే. నువ్వడిగాక నేను కాదనకూడదు. దిగా. అక్కడే వేరు గీసుకుంది, ఈ కాలికే. మానిపోయింది. మళ్ళీ ఇప్పుడు లేచింది. పోయిన పెద్దలు తొందరపడరు చెల్లీ."

నాకు తెలిసిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. అది చక్కెర జబ్బు, రక్తం ఆడక పుండు మానదు, క్రిమి చేరింది, అది కాలి నుంచి ఒళ్ళంతా పాకుతుంది అని. అన్నయ్య ఓపిగ్గా విన్నాడు.

"మరి నువ్వు తీసుకెళ్ళింది ఎందుకాగిపోయింది? ఇచ్చినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు."

"ఎవరూ తీసుకోలేదు. ఎక్కువ మేపాం. తిండి ఎక్కువై పని మర్చిపోయింది."

"నర్సు నన్నూ అదే అంటుంది" అన్నాడు. ఆ గొంతులో నవ్వుందో జ్వరముందో తెలియలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నేను దిగాను గాని అడిగింది నువ్వు. నా కాలు నయం చేయించుకుంటే అది నన్ను వదిలి నీ మీదికొస్తుంది. వద్దు. ఇది నా దగ్గరే ఆగిపోనీ."

పుండు కాదు, మొండితనం కాదు. ఆ మనిషి నెలల తరబడి చాప మీద పడుకుని, నాకు రావాల్సిందాన్ని తన కాలితో అడ్డుపెట్టి కూర్చున్నాడు. నేను సువాలో కూర్చుని పూతమందు పంపాను.

అప్పుడు కితియోనే తెర పక్కకు లాగేశాడు. అతని మొహంలో రక్తం లేదు.

"బావా, నీ చెల్లెలు అడగలేదు. బయటి మడల కింద తవ్వమనే చెప్పింది. మనిషి కాలు పెట్టని చోటు అన్నది నేను. ఊరికే, నవ్వుతావని."

అన్నయ్య తల తిప్పి అతన్ని చూశాడు, తర్వాత నన్ను. పెద్దయ్యాక మేం ఒకరి మొహం ఒకరు నేరుగా చూసుకోవడం అదే మొదలు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం నెరిసింది. మా నాన్న మొహం.

"నువ్వడగలేదా?"

"లేదన్నయ్యా."

"నిజం చెప్పు."

"అడగలేదు. ఆ పాయ పేరెత్తే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. "అయితే నీకేం లేదు" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత కితియోనేతో, "ఒరే తిక్కలోడా, నీ వేళాకోళం నా కాలు తినేసిందిరా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. బావ మాటకు కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకోలేదు. కితియోనే గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. నాకు అంత మంచితనం లేదు.

పడవ ఎక్కుతావా అని అడిగాను. ఎక్కుతానన్నాడు.

పక్కింటివాళ్ళు వచ్చారు. తలుపు ఊడదీసి దాని మీద మోశారు. అప్పటికే నీరు తగ్గడం మొదలైంది, ఇంకాస్త ఆగితే పడవ కదలదని అందరూ ఒకర్నొకరు తొందరపెట్టుకుంటున్నారు. వదిన దుప్పటీ, ఉడికించిన చేమదుంపలూ మూటకట్టి ఎక్కింది. నా సంచిలో ఖాళీ గొట్టాలు గలగలమంటున్నాయి.

ఊరి ఒడ్డు దాటి బయటి నీళ్ళలోకి పోవాలంటే కడిగే పాయ ముందు నుంచే పోవాలి. ఎన్నోసార్లు పోయాను, ఎప్పుడూ తల తిప్పి చూడలేదు. ఈసారి చూశాను. నీరు తీసిన చోట మడ వేర్ల మధ్య నల్లటి బురద మెరుస్తోంది. తారు నలుపు. కంపు పడవ దాకా వస్తోంది, అదే కంపు. నా చేతులు వాటంతట అవే సంచి మీదికి పోయాయి. ఒక్క గొట్టం చాలు. చెంచాడు చాలు. ఏడాది పని, నా బల్ల, ఆ వలయం, అంతా అక్కడ పడి ఉంది.

"చెల్లీ" అన్నాడు అన్నయ్య తలుపు మీద పడుకునే. "ఆపమంటావా? అదిగో, ఆ వంగిన చెట్టు కింద. ఎలాగూ తప్పు చేసినవాణ్ణి, ఇదీ నా లెక్కలోనే పోతుంది. తవ్వుకో."

కితియోనే మోటారు తగ్గించి నా వైపు చూశాడు. ఈసారి సొంత మాట ఒక్కటీ కలపలేదు.

పెద్దల కోపమంటే నాకు నమ్మకం ఉందో లేదో అప్పుడు ఆలోచించలేదు. నీటినే చూశాను. ఆ పాయ మొగలో ఒక్కసారి ఆగితే పడవ బురదలో కూర్చుంటుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా లేవదు. అన్నయ్య పెదాలు పాలిపోయి వణుకుతున్నాయి. పోటు వచ్చేదాకా ఆ జ్వరం ఆగదు.

"వద్దు. బావా, పోనీ."

గొప్ప పని చేశానని ఎవరైనా అంటే కొడతాను. పాయ వెనక్కి పోతుంటే నేను చూస్తూనే ఉన్నాను, వంగిన చెట్టు కనబడకుండా పోయేదాకా చూశాను, నాకు ఏడుపొచ్చింది. ఏడ్చింది అన్నయ్య కోసం కాదు, బురద కోసం. అది కూడా అన్నయ్య చూశాడు.

ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలుతో పోయేది కాదన్నారు. పుండులో దొరికింది మా ప్లేట్ల మీది క్రిమే. ఒకటి తర్వాత ఒకటిగా మందులన్నీ వేసి చూశారు, చిట్టచివరిది ఒకటి పనిచేసింది. ఆ క్రిమి పేరు విన్నాక నేను వరండాలోకి వెళ్ళి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాను. నా వలయం ఉన్నా అది మందై సీసాలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది, అన్నయ్యకు అందేది కాదు. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు. తెలిసినా ఊరట కలగలేదు. అలాంటి చివరి మందు కూడా పనిచేయని మనిషి రేపు ఇంకో మంచం మీద ఉంటాడు.

నెలాఖరుకు బల్ల నీటి పరీక్షల వాళ్ళకు వెళ్ళింది. డాక్టర్ రొనీటా నాకు మెట్ల కింద ఒక అల్మారా, పాత పొయ్యి పక్కన మూరెడు చోటు ఇచ్చింది. బురద దొరకలేదని ఒక్క మాట చెప్పాను. ఎందుకని అడగలేదు. నేను రోజూ అల్మారా తెరుస్తాను, పని మానేసిన ప్లేట్లు చూస్తాను, మూస్తాను. నిద్ర పట్టదు. బయట వాన పడితే ఆ పాయలోకి నీళ్ళు ఎలా దిగుతున్నాయోనని ఆలోచిస్తాను.

కర్రల మీద నడక వచ్చాక అన్నయ్య, మా దగ్గర తప్పు ఒప్పుకునేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను పట్టుకుని ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళాడట. పాయలో దిగిన సంగతి తనే చెప్పి, పన్ను ముందు పెట్టి క్షమాపణ అడిగాడు. కితియోనే పేరు చెప్పలేదు. ఊరి పెద్ద ఆ పన్ను అందుకున్నాడు, అంటే క్షమించినట్టే. అప్పుడు అన్నయ్య ఇంకోటి అడిగాడట. చెల్లెలి పని కోసం, అందరి ముందు, పద్ధతి ప్రకారం, చెంచాడు బురదకు సెలవిమ్మని.

ఇదంతా నాకు అన్నయ్యే ఫోన్ చేసి చెప్పాడు. మధ్యలో ఎవరూ లేరు. ఇంకా అలవాటు కాలేదు మాకు, ఒకరు మాట్లాడాక ఇంకొకరు కాసేపు ఆగుతాం.

"ఏమన్నాడు?"

"కుదరదన్నాడు. చేసిన తప్పు మన్నిస్తాడట, మళ్ళీ చేయడానికి సెలవివ్వడట."

నా నోటికి ఏదొస్తే అది అన్నాను. పీతలకు తప్ప ఎవరికీ పనికిరాని బురద, దాన్ని పట్టుకుని ఇంత పంతమా, ఆ పెద్దకే రేపు పుండు లేస్తే అప్పుడు తెలుస్తుంది అని. తర్వాత సిగ్గేసింది. అన్నయ్య కాదనలేదు, అవుననలేదు. నేను అలిసిపోయేదాకా వింటూ ఉన్నాడు.

"అయిందా?" అన్నాడు.

"అయింది."

"కొండ కింద ఇంకో పాయ ఉంది. దానికి ఏ నిషేధమూ లేదు, దోమలని ఎవరూ పోరు, అంతే. అక్కడా నల్లగానే ఉంటుంది. నీది ఉంటుందో ఉండదో నాకు తెలీదు. ఈసారి తవ్వేది నువ్వే. నేను గట్టున కూర్చుని ఎక్కడ తవ్వాలో చూపిస్తా. కితియోనే పడవ నడుపుతాడు, నోరు మూసుకుని."

శనివారం ఆటు ఎన్నింటికని అడిగాను.